సెల్ఫ్ కొడితే టక్ మని ఆగిపోతోందా? బైక్ బ్యాటరీ డౌన్ అయినప్పుడు ఏం చేయాలి

సంక్రాంతికి ఊరెళ్లి వారం పది రోజుల తర్వాత తిరిగొచ్చి, ఆఫీసుకి టైమ్ అవుతోందని సెల్లార్‌లోకి పరుగెత్తి బండి తీద్దామంటే సెల్ఫ్ పనిచేయదు. హైదరాబాద్ అయినా విజయవాడ అయినా, సెలవులు అయిపోయిన మర్నాడు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ కనీసం ఒకరిద్దరికి ఇదే టెన్షన్. అప్పుడు చాలామంది రెండు పనులు చేస్తారు. ఒకటి, వస్తుందేమోనని సెల్ఫ్ మళ్లీ మళ్లీ నొక్కడం. రెండోది, మెకానిక్‌కి ఫోన్ చేస్తే ఆయన చూడకుండానే "బ్యాటరీ పోయింది సార్, కొత్తది వేయాల్సిందే" అంటే సరే అనేయడం. మొదటిదానితో మిగిలిన కాస్త ఛార్జింగ్ కూడా పోతుంది, రెండోదానితో పదిహేను వందలో రెండు వేలో పోతాయి. ఛార్జింగ్ దిగిపోయిన బ్యాటరీ వేరు, పనికిరాకుండా పోయిన బ్యాటరీ వేరు. పైగా బ్యాటరీ బాగానే ఉండి దాన్ని ఛార్జ్ చేయాల్సిన కాయిలో (కరెంటు పుట్టించేది), రెక్టిఫైయరో (ఆ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చేది) పోయిన బండ్లు కూడా ఉంటాయి, అలాంటి బండికి ఎంత మంచి కొత్త బ్యాటరీ వేసినా కొద్ది రోజుల్లోనే మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి ముందు బండిని రోడ్డెక్కిద్దాం, ఆ తర్వాత ఎందుకు దిగిందో తేల్చుకుందాం. రెండోది చేయకపోతే మొదటిది చేసి లాభం లేదు.

ముందు చూడండి, వినండి

తాళం తిప్పి ఒక్క నిమిషం ఆగండి. న్యూట్రల్ లైటు ఎలా వెలుగుతోంది? హారన్ కొట్టి చూడండి, గట్టిగా మోగిందా, గొంతు పట్టేసినట్టు మూలిగిందా? ఇప్పుడు న్యూట్రల్ లైటు మీదే కన్ను పెట్టి సెల్ఫ్ ఒక్కసారి నొక్కండి. సగం రోగం ఇక్కడే తెలిసిపోతుంది.

లైటు ధగధగా వెలుగుతూ, హారన్ బాగా మోగుతూ, సెల్ఫ్ నొక్కితే మాత్రం చప్పుడే లేకపోతే అది దాదాపుగా బ్యాటరీ కాదు. ఇంజిన్ ఆపేసే కిల్ స్విచ్ ఎవరైనా పిల్లలు నొక్కారేమో చూడండి. సెల్లార్‌లో ఆడుకునే పిల్లలకి ఆ ఎర్ర బటన్ కనిపిస్తే నొక్కకుండా ఉండలేరు. సైడ్ స్టాండ్ పూర్తిగా ఎత్తండి, ఇప్పటి బండ్లలో చాలావాటికి స్టాండ్ దించి ఉంటే ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపే స్విచ్ ఉంటుంది. క్లచ్ పూర్తిగా పట్టి మళ్లీ నొక్కండి. ఈ మూడింటితో కదిలిపోయే బండ్లు చాలా ఉంటాయి.

టక్ టక్ టక్ టక్ అని వరసగా కొట్టుకుంటే అది బ్యాటరీ డౌన్ అయినట్టే. ఆ చప్పుడు రిలేది, అంటే సెల్ఫ్ మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్‌ది. సెల్ఫ్ మోటార్ తిరగాలంటే ఒక్కసారిగా పదుల ఆంపియర్ల కరెంటు కావాలి. రిలే కలవగానే మోటార్ అంత కరెంటు లాగబోతుంది, నీరసంగా ఉన్న బ్యాటరీ వోల్టేజ్ ధబ్బున పడిపోతుంది, రిలే వదిలేస్తుంది, వదలగానే వోల్టేజ్ కాస్త లేస్తుంది, రిలే మళ్లీ పట్టుకుంటుంది. న్యూట్రల్ లైటు కూడా ఆ చప్పుడుతో పాటే ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ఒక్కటే టక్ వచ్చి లైటు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీ ఇంకా బాగా దిగిపోయినట్టు, లేదా బ్యాటరీకి వైరు తగిలించే పిన్ను లూజు అయినట్టు. టక్ అన్నా కూడా లైటు తగ్గకుండా అలాగే ఉంటే రిలే మీదో సెల్ఫ్ మోటార్ మీదో అనుమానపడాలి.

అసలు ఏ లైటూ వెలగకపోతే ముందు ఫ్యూజు చూడండి. సెల్ఫ్ చక్కగా గిర్రున తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవట్లేదంటే బ్యాటరీని వదిలేయండి, అది పెట్రోలో ప్లగ్గో చూడాల్సిన కేసు.

ఏదైనా సరే, సెల్ఫ్ ఒక్కసారికి ఐదు సెకన్లకి మించి నొక్కొద్దు, మధ్యలో పది పదిహేను సెకన్లు ఆగండి. రెండు మూడు సార్లకి రాలేదంటే ఇక ఆపేయండి. మిగిలిన ఆ కాస్త ఛార్జింగ్‌తో తర్వాత పని ఉంది. ఇంకో మాట, వానలకి సెల్లార్‌లో నీళ్లు చేరి బండి మునిగి ఉంటే మాత్రం సెల్ఫ్ ముట్టుకోనే వద్దు, కిక్ కూడా కొట్టొద్దు. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాయో లేదో మెకానిక్ చూశాకే స్టార్ట్ చేయాలి.

పిన్నులు

ఇది రూపాయి ఖర్చు లేని పని, కానీ ఎవరూ చేయరు. బ్యాటరీ ఎక్కడుందో వెతకండి. కొన్ని బండ్లకి సైడ్ కవర్ వెనక, కొన్నిటికి సీటు కింద, స్కూటర్లకి కాళ్లు పెట్టే చోట కిందో ముందు కవర్ వెనకో ఉంటుంది. కవర్ తీశాక రెండు టెర్మినళ్లనీ ఒక్కొక్కటిగా వేళ్లతో పట్టుకుని తిప్పి చూడండి. పిన్ను ఏమాత్రం కదలకూడదు. వెంట్రుకవాసి కదిలినా లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, సెల్ఫ్ మాత్రం రాదు. ఎందుకంటే లైటుకి కొంచెం కరెంటు చాలు, సెల్ఫ్‌కి చాలదు. మన రోడ్ల మీద గుంతలకీ స్పీడ్ బ్రేకర్లకీ ఆ స్క్రూలు వదులవడం మామూలే.

టెర్మినల్ మీద తెల్లగానో, నీలం ఆకుపచ్చ కలిసినట్టుగానో పొడి పేరుకుని ఉంటే దాన్ని ఉత్త చేత్తో తుడవొద్దు, అందులో యాసిడ్ ఉంటుంది. పిన్నులు విప్పేటప్పుడు ముందు నల్ల వైరు, అంటే మైనస్, విప్పండి. తర్వాతే ఎర్రది. ఈ వరస ఎందుకంటే, బండి ఛాసిస్ మొత్తం మైనస్‌కే కలిసి ఉంటుంది. నల్లది ఉండగా ఎర్రది విప్పుతుంటే పానా ఛాసిస్‌కి తగిలి భగ్గున నిప్పురవ్వలు వస్తాయి. నల్లది ముందే విప్పేస్తే పానా ఎక్కడ తగిలినా ఏమీ కాదు. గోరువెచ్చని నీళ్లలో వంట సోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్దితే ఆ పొడి బుసబుసా పొంగి పోతుంది. నీళ్లు బ్యాటరీ మూతల్లోకి వెళ్లకుండా చూసుకోండి. పొడి గుడ్డతో తుడిచి, ఈసారి ముందు ఎర్రది, తర్వాత నల్లది బిగించి, పైన కొంచెం వేసలీన్ రాయండి. ఇప్పుడు సెల్ఫ్ కొట్టి చూడండి.

ఫ్యూజు కూడా అక్కడే దగ్గరలో చిన్న డబ్బాలో ఉంటుంది. తీసి వెలుతురుకి పెట్టి చూస్తే లోపలి తీగ తెగిందో లేదో కనిపిస్తుంది. చాలా బండ్లలో స్పేర్ ఫ్యూజు ఆ డబ్బాలోనే ఇస్తారు. తెగినదాని మీద 15 అని ఉంటే 15 ఆంపియర్లదే వేయండి, 30 వేయొద్దు, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం అసలే చుట్టొద్దు, వైరింగ్ కాలిపోతుంది.

కిక్ ఉందా?

కిక్ ఉంటే కొట్టండి. కానీ ఇక్కడ మీ బండి ఏ రకమో తెలుసుకోవాలి. పాత కార్బురేటర్ కమ్యూటర్ బండ్లలో చాలావాటికి ప్లగ్గుకి కావాల్సిన కరెంటు నేరుగా మాగ్నెట్ కాయిల్ నుంచి వస్తుంది, బ్యాటరీ పూర్తిగా చచ్చినా రెండు కిక్కులకి అందుకుంటాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నియమాలు వచ్చాక పెట్రోల్ బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయాయి. వీటిలో పెట్రోల్ పంపుకీ, ఇంజెక్టర్‌కీ, అన్నీ నడిపించే చిన్న కంప్యూటర్ లాంటి ఈసీయూకీ కరెంటు ఉండి తీరాలి. కిక్ ఉన్న కొన్ని ఇంజెక్షన్ బండ్లు బ్యాటరీ బాగా దిగినా కిక్కుకి లేస్తాయి, కొన్ని లేవవు. చాలా బండ్లకి ఇప్పుడు కిక్ రాడ్డే ఇవ్వట్లేదు.

మీది ఇంజెక్షన్ బండి అయితే సులువైన పరీక్ష ఒకటుంది. తాళం ఆన్ చేసి ట్యాంకు దగ్గర చెవి పెట్టండి. రెండు మూడు సెకన్లు జుయ్ మని సన్నటి చప్పుడు వస్తే పంపు తిరుగుతోంది, అంటే కిక్కుకి గానీ తోస్తే గానీ స్టార్ట్ అయ్యే అవకాశం ఉంది. మీటర్ కూడా వెలగకుండా, పంపు చప్పుడు లేకుండా ఉంటే ఎంత తోసినా ఒళ్లు అలసటే మిగులుతుంది. నేరుగా జంప్ స్టార్ట్‌కి, అంటే ఇంకో బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుని స్టార్ట్ చేయడానికి, వెళ్లిపోండి.

తోసి స్టార్ట్ చేయడం

గేర్లు ఉన్న బండికే ఇది పనిచేస్తుంది. యాక్టివా, జూపిటర్ లాంటి స్కూటర్లని ఊరంతా తోసినా స్టార్ట్ కావు. వాటి వెనక చక్రానికీ ఇంజిన్‌కీ మధ్య ఉన్న క్లచ్ ఇంజిన్ తిరిగితేనే పట్టుకుంటుంది, చక్రం తిరిగితే పట్టుకోదు.

తాళం ఆన్ చేయండి, కిల్ స్విచ్ ఇంజిన్ నడిచే వైపు ఉంచండి, స్టాండ్ ఎత్తండి. సెకండ్ గేర్ వేయండి. ఫస్ట్ వద్దు, ఫస్ట్‌లో క్లచ్ వదలగానే వెనక చక్రం బిగుసుకుపోయి కిర్రున జారుతుంది, ఇంజిన్ తిరగదు. పెద్ద బుల్లెట్ లాంటి బండి అయితే థర్డ్ కూడా వాడొచ్చు. క్లచ్ పూర్తిగా పట్టుకుని బండి మీద కూర్చోండి, వెనక నుంచి వాచ్‌మన్‌నో పక్కింటి కుర్రాణ్నో తొయ్యమనండి. మనిషి పరుగెత్తే వేగం వచ్చాక, సీటు మీద ఒకసారి బరువుగా కూర్చుంటూ క్లచ్ టక్కున వదిలేయండి. బరువు ఎందుకంటే వెనక చక్రం నేలని గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే జారుతుంది. ఇంజిన్ అందుకున్న మరుక్షణం క్లచ్ మళ్లీ పట్టేయాలి. ఇది మర్చిపోతేనే బండి ముందుకి దూకి ఎదురుగా ఉన్న కారుకి తగులుతుంది. క్లచ్ పట్టుకుని, కాస్త రేజింగ్ ఇస్తూ, నెమ్మదిగా బ్రేకు వేసి న్యూట్రల్ చేయండి.

సెల్లార్‌లో ఇది చేయొద్దు. టైల్స్ మీద చక్రం జారుతుంది, స్తంభాలు ఉంటాయి, తోసేంత చోటు ఉండదు. బండిని పైకి తెచ్చుకుని ఖాళీ రోడ్డు మీదో, కొంచెం వాలు ఉన్న చోటో చేయండి. వాలు ఉంటే తోసేవాళ్లు కూడా అక్కర్లేదు. మెయిన్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పి స్టార్ట్ చేసే వీడియోలు తిరుగుతుంటాయి, దయచేసి ఆ పని చేయకండి. ఇంజిన్ అందుకున్న క్షణంలో వేళ్లు చక్రం ఊచల్లోనో చైన్‌లోనో ఉంటే ఇక అంతే.

జంప్ స్టార్ట్

కిక్ లేని ఇంజెక్షన్ బండికి ఇదే సరైన దారి. కారు బ్యాటరీ కూడా 12 వోల్టులే కాబట్టి వాడొచ్చు, ఇంకో బైక్ అయినా పర్లేదు. ఒక్క షరతు, కరెంటు ఇచ్చే కారు ఇంజిన్ ఆఫ్‌లోనే ఉండాలి. సరైన జంపర్ కేబుళ్లు వాడండి. ఇంట్లో మిగిలిన సన్నటి వైరు ముక్కలతో ప్రయత్నిస్తే అవి వేడెక్కి కరిగిపోతాయి.

ఎర్ర క్లిప్పు మీ బండి ప్లస్‌కి. ఎర్ర కేబుల్ రెండో కొస కారు ప్లస్‌కి. నల్ల క్లిప్పు కారు మైనస్‌కి. ఆఖరి నల్ల క్లిప్పు మాత్రం మీ బండి బ్యాటరీకి పెట్టకండి, కాస్త దూరంగా పెయింట్ లేని ఇంజిన్ బోల్టుకో ఛాసిస్‌కో పెట్టండి. ఆఖరి క్లిప్పు పెట్టేటప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వచ్చే అవకాశం ఉంది కాబట్టి ఆ రవ్వ బ్యాటరీ పక్కన రాకూడదు. రెండు నిమిషాలు ఆగి సెల్ఫ్ కొట్టండి. స్టార్ట్ అయ్యాక పెట్టిన వరసకి సరిగ్గా వెనక నుంచి తీసేయండి. ఎరుపు నలుపు తారుమారైతే ఫ్యూజుతో పోతే అదృష్టం, ఈసీయూ పోతే వేలల్లో ఖర్చు. అందుకే క్లిప్పు పెట్టే ముందు బ్యాటరీ మీద ప్లస్, మైనస్ గుర్తులు చదవండి, వైరు రంగుని మాత్రమే నమ్మకండి.

ఇంకో మాట, ఎవరైనా "స్టార్ట్ అయింది కదా, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీసేసి చూద్దాం, బండి ఆగితే ఛార్జింగ్ రావట్లేదన్నమాట" అంటే ఒప్పుకోకండి. బ్యాటరీ లేకుండా ఇంజిన్ తిరిగితే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగసి ఈసీయూ, బల్బులు కాలిపోవచ్చు.

స్టార్ట్ అయ్యాక

వెంటనే ఆపకండి, అలాగని నిలబెట్టి ఐడిల్‌లో ఉంచినా పెద్దగా ఉపయోగం లేదు. 2017 నుంచి వచ్చిన బండ్లకి హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ఐడిల్‌లో వచ్చే కరెంటులో పెద్ద వాటా దానికే పోతుంది. కనీసం అరగంట, ఆగి ఆగి కాకుండా సాఫీగా నడపండి. అయినా బాగా దిగిపోయిన బ్యాటరీ అరగంటలో నిండదు. ఆ సాయంత్రమే దాన్ని విప్పి ఛార్జర్‌కి పెట్టడం మంచిది. దిగిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలేస్తే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పూర్వపు శక్తి రాదు.

బ్యాటరీ మీద ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పేది) అని ఒక అంకె ఉంటుంది. చిన్న కమ్యూటర్లకి 3, 4, పెద్ద బండ్లకి 8, 9, పాత బుల్లెట్లకి 14 దాకా. ఆ అంకెలో పదో వంతు కరెంటుతో ఛార్జ్ చేయాలి. 4 ఏహెచ్ బ్యాటరీకి 0.4 ఆంపియర్, అలా రాత్రంతా. బ్యాటరీ షాపుల్లో ఇస్తే చేస్తారు, కానీ "అరగంటలో ఇచ్చేస్తాం" అంటే వద్దనండి, "నిదానంగా పెట్టండి అన్నా, రేపు తీసుకుంటా" అని చెప్పి రండి. ఇంట్లో ఇన్వర్టర్‌కో కారు ఛార్జర్‌కో తగిలించొద్దు, అంత కరెంటుకి చిన్న బ్యాటరీ ఉబ్బిపోతుంది. మూతలు ఉన్న పాత రకం బ్యాటరీ అయితే పక్కన ఉన్న రెండు గీతల మధ్య నీళ్లు ఉన్నాయో లేదో చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. కుళాయి నీళ్లు, మినరల్ వాటర్, యాసిడ్ పోయకూడదు. సీల్ చేసినవాటి మూత ఊడదీయొద్దు.

అసలు ఎందుకు దిగింది?

ఇక్కడి నుంచి వోల్టేజ్, కరెంటు కొలిచే మల్టీమీటర్ ఒకటి కావాలి. ఎలక్ట్రికల్ షాపులో కొన్ని వందలకే వస్తుంది, బండి ఉన్న ప్రతి ఇంట్లో ఒకటి ఉండాలని నా అభిప్రాయం. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి మూడు కొలతలు తీయండి.

మొదటిది, రాత్రంతా ఛార్జ్ చేసి తీశాక రెండు మూడు గంటలు ఊరికే వదిలేసి చూడండి. 12.6 నుంచి 12.8 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12 చూపిస్తే దాదాపు ఖాళీ. ఎంత ఛార్జ్ చేసినా పదిన్నర దగ్గరే నిలిచిపోతే లోపల ఉన్న ఆరు సెల్లుల్లో ఒకటి పోయింది, ఒక్కో సెల్లు 2.1 వోల్టులు కాబట్టి లెక్క సరిగ్గా సరిపోతుంది. ఇలాంటిది ఇక బాగుపడదు. ఇవాళ 12.7 ఉండి, దేనికీ తగిలించకుండానే రేపటికి 12.2కి పడిపోయినా దాని పని అయిపోయినట్టే.

రెండోది, మీటర్ బ్యాటరీకి పెట్టి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. ఆ కాసేపు వోల్టేజ్ పడుతుంది, కానీ పది లోపలికి బాగా పడిపోతే బ్యాటరీ వీక్.

మూడోదే అందరూ వదిలేసేది. ఇంజిన్ నడుస్తుండగా కాస్త రేజింగ్ ఇచ్చి చూడండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఎంత రేజ్ చేసినా 12 చిల్లర దగ్గరే ఉంటే బండి ఛార్జింగ్ ఇవ్వట్లేదు. స్టేటర్ కాయిల్, రెక్టిఫైయర్, వాటి మధ్య ఉన్న కనెక్టర్ చూడాలి. ముందు కనెక్టర్ విప్పి చూడండి, ప్లాస్టిక్ గోధుమ రంగుకి మారి, పిన్ను కాలి నల్లబడి ఉంటే దోషం అదే కావచ్చు, కొత్త కనెక్టర్‌తో తీరిపోయే పని. 15 దాటిపోతే రెక్టిఫైయర్ పోయినట్టు, అది బ్యాటరీని ఉడకబెడుతోంది, బల్బులు కూడా తరచూ పోతుంటాయి.

మూడూ బాగానే ఉన్నా బ్యాటరీ దిగుతోందా? అయితే బండి ఆఫ్‌లో ఉన్నప్పుడు ఏదో కరెంటు తాగుతోంది. జీపీఎస్ ట్రాకర్, అలారం, తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపిన మొబైల్ ఛార్జర్, వీటి మీదే నా మొదటి అనుమానం. తాళం తీసేసి, మైనస్ వైరు విప్పి, మీటర్‌ని ఆంపియర్ సాకెట్‌లోకి మార్చి ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య పెట్టండి. కొద్ది మిల్లీ ఆంపియర్లు చూపిస్తే మామూలే. 50 చూపించిందనుకోండి, రోజుకి 1.2 ఏహెచ్, అంటే 4 ఏహెచ్ బ్యాటరీ మూడు నాలుగు రోజుల్లో ఖాళీ. మీటర్ అలా ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ నొక్కొద్దు, మీటర్ కాలిపోతుంది. తగిలించిన వస్తువులు ఒక్కొక్కటీ విప్పుతూ అంకె ఎప్పుడు పడిపోతుందో చూస్తే దొంగ దొరుకుతుంది.

ఏ లోపమూ లేకపోతే మీ వాడకమే కారణం. రోజూ పాల ప్యాకెట్‌కీ, పిల్లల్ని బడి దగ్గర దింపడానికీ కిలోమీటరు నడిపి ఆపే బండికి, సెల్ఫ్ తీసుకున్న కరెంటు తిరిగి చేరదు. అలాంటివాళ్లు కిక్ ఉంటే పొద్దున మొదటిసారి కిక్కే వాడండి, వారానికోసారి కాస్త దూరం తిప్పండి. పది పదిహేను రోజులు ఊరెళ్తుంటే మైనస్ వైరు విప్పి, కొసకి టేపు చుట్టి వెళ్లండి.

కొనాల్సే వస్తే

మూడు నాలుగేళ్లు పనిచేసిన బ్యాటరీ పోయిందంటే దాని ఆయుష్షు అంతే, మన ఎండలకి అంతకంటే ఎక్కువ ఆశించలేం. పాతదాని మీద ఉన్న ఏహెచ్‌దే తీసుకోండి. ప్లస్, మైనస్ అదే వైపు ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే వైర్లు అందవు. ఎక్సైడ్ అయినా, మన తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారయ్యే అమరాన్ అయినా, బ్రాండ్ కంటే తయారైన నెల ముఖ్యం. షాపులో చాలా నెలలు పడి ఉన్నది వద్దు. వారంటీ కార్డు మీద తేదీ, షాపు ముద్ర వేయించుకోండి, అందులో ఎన్ని నెలలు ఉచితంగా మారుస్తారో, ఎన్ని నెలలు డిస్కౌంట్ మాత్రమే ఇస్తారో విడిగా అడగండి.

పాత బ్యాటరీని ఇనప సామాన్లవాళ్లకి వేయకండి, అందులో సీసం ఉంటుంది, యాసిడ్‌ని కాలువలో పారబోస్తారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాతవి వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కి పంపించే బాధ్యత తయారీ కంపెనీలది. కొత్తది కొన్న షాపులోనే ఇచ్చేస్తే దాని విలువ బిల్లులో తగ్గిస్తారు. ఇక కొత్తది బిగించాక అక్కడే ఇంజిన్ ఆన్ చేయించి, షాపువాళ్ల మీటర్‌తోనే ఛార్జింగ్ వోల్టేజ్ 13.5, 14.5 మధ్య ఉందో లేదో చూసుకుని అప్పుడు డబ్బులివ్వండి.